ఆట ఎన్ని గంటలకు? – సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. నాది ధర్మవరం పక్క పల్లె. ఆరేళ్లుగా దక్షిణ కొరియాలో, సువన్ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాను. నిరుడు నవంబరులో మా అమ్మ నా దగ్గరికొచ్చింది. ఒక శనివారం ఆమెను తీసుకుని ఆండోంగ్ దగ్గర హాహ్వే అనే పల్లెకు పోయి, అక్కడి వాళ్లు కొయ్య మాస్కులు తగిలించుకుని ఆడే ఆట చూసి రాత్రికి ఇల్లు చేరాను. ఆ ఒక్కరోజు గురించే ఈ ఉత్తరం. మిమ్మల్ని అడగాల్సింది చివర్లో ఉంది. పెద్ద కోరిక కాదు, భయపడకండి.

తెల్లారుజామున మెట్రో ఎక్కి సియోల్లోని ఛొంగ్‌న్యాంగ్‌ని స్టేషన్‌కి, అక్కడ వేగం రైలెక్కి రెండు గంటల్లో ఆండోంగ్‌కి చేరాం. 2021లో ఈ రైలు రావడంతో సియోల్ వైపు వాళ్లకి ఆండోంగ్ పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చే దూరమైంది. స్టేషన్లో మా ఆఫీసు మిత్రుడొకడు కలిశాడు. అతనిది ఆ ఊరే. మధ్యాహ్నం హొత్‌జెసాబప్ అనే భోజనం పెట్టించాడు. పేరుకు అర్థం అబద్ధపు తద్దినం అన్నం. పితృకార్యంలో పెట్టే కూరలు, చేప, అన్నం అన్నీ ఉంటాయి, కార్యం మాత్రం ఉండదు. వెనకటికి రాత్రిళ్లు ఆకలేసిన పండితులు తద్దినం వంక పెట్టి వండించుకునేవారని చెప్తారు. విషయం వినగానే అమ్మ ఆకుకూర మీద నుంచి చెయ్యి తీసేసి, "తద్దినం కూడు దుడ్లిచ్చి తింటార్రా నాయనా?" అంది. ఐదు నిమిషాల తర్వాత ఆకలి గెలిచింది.

హాహ్వే గురించి బోర్డుల మీద చాలా రాసి ఉంది. నక్‌తోంగ్ నది ఊరిని మూడు వైపులా చుట్టి పోతుంది, ఊరి పేరుకు అర్థం కూడా నది తిరిగే చోటనే. వందల ఏళ్లుగా ర్యూ వంశం వాళ్లు ఉంటున్న ఊరు. 16వ శతాబ్దం చివర జపాన్ దండెత్తినప్పుడు రాజ్యాన్ని నడిపిన మంత్రి ర్యూ సొంగ్‌ర్యోంగ్ ఈ వంశం వాడే. 2010లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. 1999లో బ్రిటన్ రాణి ఎలిజబెత్ తన 73వ పుట్టినరోజు నాడు ఇక్కడికొచ్చింది. అమ్మకి ఈ గొప్పలేవీ పట్టలేదు. మట్టి గోడల మీద గడ్డి కప్పు చూసి, "ఇది యేటేటా మార్చాల, ఎవురు మారుస్తారో పాపం" అంది.

ఆట జరిగే చోటు రాజభవనమేమీ కాదు. పైన కప్పు, చుట్టూ మెట్ల వరసలు, మధ్యలో గుండ్రంగా ఖాళీ జాగా. టికెట్ లేదు. సరిగ్గా 2 గంటలకు కంచు తాళం, డోలు, సన్నాయి లాంటి తేపియాంగ్‌సో మోగాయి. ఒకరి భుజాల మీద ఎక్కి కొత్త పెళ్లికూతురు వచ్చింది. తర్వాత కసాయివాడు ఎద్దును తోలుకొచ్చాడు. ఎద్దు తోలు కింద ఇద్దరు మనుషులు. అది జనం వైపు తిరిగి కాలెత్తి నీళ్లు చిమ్మేసరికి ముందు వరసలో పిల్లలు కేకలు పెట్టి లేచారు. ఎద్దును కోసినవాడు దాని వృషణాలు పట్టుకుని, మగతనానికి మంచిది కొనండి కొనండి అంటూ పెద్దమనుషుల ముందుకు పోయాడు. ఆ తర్వాత ముసలి విధవ మగ్గం ముందు కూర్చుని పాట పాడింది. సంతలో తెచ్చిన చేపల్లో ముసలాడికి ఒకటి పెట్టి తను తొమ్మిది తిన్నానని, పొద్దున మళ్లీ ఒకటి పెట్టి తొమ్మిది తిన్నానని లెక్క చెప్పింది. మిత్రుడు నా చెవిలో, నేను అమ్మ చెవిలో. ఇట్లా రెండు చేతులు మారి వచ్చిన జోకుకి కూడా అమ్మ నవ్వింది.

ఆ మాస్కుల పనితనం చెప్పకుండా ఉండలేను. యాంగ్‌బాన్ అంటే దొర. అతని మాస్కుకి దవడ విడిగా చేసి తాడుతో కట్టారు. ఆటగాడు తల వెనక్కి వాల్చితే నోరు తెరుచుకుని దొర పగలబడి నవ్వుతాడు. తల వంచితే నోరు మూసుకుని అదే మొహం చిరచిరలాడుతుంది. ఇమే అనే పిచ్చి నౌకరు మాస్కుకి అసలు గడ్డమే లేదు. వీటిని చెక్కిన హొ అనే కుర్రాడు తలుపులు మూసుకుని పని చేస్తుంటే, అతన్ని ప్రేమించిన పిల్ల ఉండబట్టలేక తొంగి చూసిందట. పని ముగిసేదాకా ఎవరూ చూడకూడదన్న నియమం చెడి, ఆ కుర్రాడు నెత్తురు కక్కుకుని చచ్చిపోయాడట. చేతిలో ఉన్న ఇమే మాస్కు అట్లాగే గడ్డం లేకుండా మిగిలిపోయింది. పాత మాస్కుల్ని 1964లో జాతీయ సంపదగా ప్రకటించారు. ఆటకి వాడేవి వాటి నకళ్లు.

అసలు ఘట్టం దొరకీ పండితుడికీ జరిగే గొప్పల పోటీ. పండితుడు తనది సదేబుల వంశం అంటాడు. సదేబు అంటే ఉన్నత కులస్థుడు, కానీ "స" అంటే నాలుగు కూడా. దొర వెంటనే "అయితే మాది పల్‌దేబు" అంటాడు. "పల్" అంటే ఎనిమిది. నాలుగుకి రెట్టింపు! పండితుడు నేను నాలుగు గ్రంథాలు, మూడు శాస్త్రాలు చదివానంటే, దొర నేను ఎనిమిది గ్రంథాలు, ఆరు శాస్త్రాలు చదివానంటాడు. ఆ ఆరు శాస్త్రాలేవయ్యా అని నిలదీస్తే దొర నౌకరు చొరెంగి, వంకర మూతివాడు, గంతులేస్తూ ముందుకొస్తాడు. శాస్త్రాన్ని కొరియా వాళ్లు "గ్యోంగ్" అంటారు. వీడు చివర గ్యోంగ్ వచ్చే మాటలన్నీ ఏరి ఒప్పజెప్తాడు. బౌద్ధ త్రిపిటకంతో మొదలుపెట్టి, గుడ్డివాడి కళ్లద్దాలు, పాలేరు జీతం దాకా పోతాడు. మధ్యలో ఒకటి అమ్మకి అనువాదం చెయ్యలేకపోయాను. దొర సంతోషంగా తలూపుతాడు, వీడు చెప్పిందంతా నిజమేనని. అమ్మ ఒక్క ముక్క భాష రాకుండా, చొరెంగిని వేలితో చూపించి అంది: "ఈడు మన కేతిగాడే కదరా!"

మంత్రి గారూ, కేతిగాడు ఎవరో మీకు నేను చెప్పనక్కర్లేదు. తోలుబొమ్మలాటలో రావణుడి సభలో కూడా దూరి, బంగారక్కతో సరసాలాడి, ఊరి పెద్దను పేరు పెట్టకుండా దులిపేసి పోయేవాడు. చిన్నప్పుడు వానలు పడకపోతే ఊళ్లో విరాటపర్వం ఆడించేవారని, తెల్లారేదాకా చూసి పొలానికి పోయేవాళ్లమని తిరుగు రైల్లో అమ్మ చెప్తూనే ఉంది. హాహ్వేలోనూ అంతే. ఆట ఊరి దేవత కోసం, కొత్త సంవత్సరం మొదట్లో, పదేళ్లకోసారి లెక్కన జరిగేది. తమను ఎగతాళి చేసే ఈ ఆటకి ఖర్చు పెట్టుకున్నది ఆ దొరలే. మన ఊళ్లలోనూ కేతిగాడి తిట్లు తిని ఈనాం ఇచ్చింది రెడ్లూ కరణాలే.

అయితే ఒక తేడా ఉంది. హాహ్వే ఆట మధ్యలో నిజంగా చచ్చిపోయింది. 1928లో ఆడిందే చివరిది. 1970ల్లో కొందరు కుర్రాళ్లు పూనుకుని, 1928లో పెళ్లికూతురు వేషం కట్టిన ముసలాయన్ని పట్టుకుని ఆయన జ్ఞాపకంలోంచి అడుగులు నేర్చుకున్నారు. 1980లో ప్రభుత్వం జాతీయ కళగా గుర్తించింది. గురువులకు నెలనెలా భత్యం ఇస్తుంది. తీసుకున్నవాళ్లు శిష్యులకు నేర్పాలి, జనం ముందు ఆడాలి. 2022 నవంబరులో కొరియా ముసుగు నాట్యాలన్నీ కలిపి యునెస్కో జాబితాలో చేరాయి. నేను మిమ్మల్ని యునెస్కో అడగడం లేదు. అది ఎప్పుడొస్తే అప్పుడొస్తుంది.

పదేళ్లకోసారి పదిహేను రోజుల పాటు దేవతకి జరిగిన ఆటను కోసి, కుట్టి, మాలాంటి వాళ్ల కోసం ఒక గంటకి కుదించారు. 3 కాగానే జనం బస్సుల వైపు పరిగెత్తారు. దేవత ఊసు ఎవరికీ లేదు. నాకది కాస్త వెలితిగానే అనిపించింది. మిత్రుడితో అంటే అతను, "పదేళ్లకోసారైతే నేను నా జన్మలో మూడు సార్లు చూసేవాణ్ణి, ఇప్పటికి ముప్పైసార్లు చూశాను" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అతనే బస్టాపులో ఇంకో మాట అడిగాడు. "మీ ఊరొస్తే మీ కేతిగాణ్ణి ఎప్పుడు చూడొచ్చు? ఏ రోజు, ఎన్ని గంటలకు?"

చెప్పలేకపోయాను. మూడేళ్ల కిందట సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు నా బిడ్డకి తోలుబొమ్మలాట చూపిద్దామని ఒక కార్యాలయానికి ఫోన్ చేశాను. ఉత్సవాలేమైనా ఉంటే పేపర్లో వేస్తామన్నారు. నిమ్మలకుంటకే పోయాను. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అట్లాంటి ఊరు. ఇంటింటా తోలు గీకుతున్నారు, రంగులేస్తున్నారు, అందమైన లాంపు షేడ్లు చేస్తున్నారు. అవి కొన్నాం. ఆట ఎప్పుడని ఒక పెద్దాయన్ని అడిగితే, "ఎవురన్నా పిలిస్తే ఆడతాం సామీ" అన్నాడు. హనుమంతుడి బొమ్మ తీసి కిటికీ వెలుతురుకి అడ్డం పట్టి, పుల్ల కదిపి చెయ్యి ఆడించాడు. నా బిడ్డ చూసిన తోలుబొమ్మలాట అదొక్కటే, అర నిమిషం.

ఇదీ నా కోరిక. అదే జిల్లాలో లేపాక్షి ఉంది. శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి జనం కార్లలో వస్తారు, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫోటో దిగుతారు, నందిని చూస్తారు, వెనక్కి పోతారు. సాయంత్రం వాళ్లని ఆపేదేమీ లేదు. అక్కడ ఒక చిన్న షెడ్డు, తెల్ల తెర, వెనక దీపం, హార్మోనియం, మృదంగం. ప్రతి శనివారం, ఆదివారం రాత్రి 7కి మొదలై 8కి అయిపోయే ఆట. పది మందే వచ్చినా ఆడాలి, ఎవరూ రాకపోయినా కళాకారుడికి నెల తిరిగేసరికి డబ్బు అందాలి. ఆటకి ఇంత అని కాదు, నెలకి ఇంత అని. పింఛను వేరే సంగతి, అది వయసు మళ్లినవాళ్లకి. నేనడిగేది చేతిలో బొమ్మ పట్టుకున్న పాతికేళ్ల కుర్రాడికి, వాడు ధర్మవరంలో వేరే పని వెతుక్కోకముందే. ప్రారంభోత్సవాలు, మహోత్సవాలు వద్దు. ఏడాదికోసారి వేదిక మీద శాలువా కప్పి పంపేస్తే మిగతా 364 రోజులు అతను మళ్లీ లాంపు షేడ్లే కదా చెయ్యాల్సింది.

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలో ఉత్పత్తి 2019లో మొదలైంది. దానితోపాటు కొరియా వాళ్లు మన జిల్లాలో కాపురాలు పెట్టారు, వాళ్ల భోజనశాలలూ వచ్చాయి. వాళ్లకి చొరెంగి తెలుసు. కేతిగాడిని ఎవరైనా పరిచయం చేస్తే గుర్తుపట్టడానికి మా అమ్మకి పట్టినంత సేపు కూడా పట్టదనుకుంటాను.

రైలు సియోల్ దగ్గరపడుతుంటే అమ్మ నిద్రలేచి, "రేపు గూడా ఆడతారా?" అని అడిగింది. ఆడతారు, 2 గంటలకు, అన్నాను.

వచ్చే సంక్రాంతికి నేను మళ్లీ వస్తున్నాను, ఈసారి ఆండోంగ్ మిత్రుడూ వస్తానంటున్నాడు. లేపాక్షి గుడి ముందు "తోలుబొమ్మలాట, శని, ఆది, రాత్రి 7 గం." అని ఒక బోర్డు రాయించి పెట్టగలరా? ఏ శనివారానికి టికెట్లు తీసుకోవాలో అతనికి చెప్పాలి.

ఇట్లు,
ధర్మవరం వాసి,
సువన్, దక్షిణ కొరియా