ఫారంలో మతిమరుపు ప్రశ్నకు ‘అవును’ అన్నాక ఏం చేయాలి? మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. బీపీ, షుగర్ సర్వేలో ఆశా కార్యకర్త ఇంటింటా నింపే ఆరోగ్య వివరాల పత్రం, సీబ్యాక్ ఫారంలో 60 దాటినవాళ్లకు ఒక ప్రశ్న ఉంది: దగ్గరివాళ్ల పేర్లో, సొంత ఇంటి అడ్రసో మర్చిపోతున్నారా అని. మంచి ప్రశ్న. ‘అవును’ అన్న మనిషి దవాఖానాకు వస్తే, ‘వయసు మీద పడ్డది, చాదస్తం’ అనిపించుకుని తిరిగి వెళ్లకూడదనే ఈ లేఖ.

మతిమరుపుకు సరిచేయగల కారణాలను ముందు వెతకాలి. మొదట చూడాల్సింది మందుల సంచి. నిద్రకు వేసుకునే ఆల్ప్రజోలం, జలుబు గోళీ సీపీఎం (క్లోర్‌ఫెనిరమైన్), మానసిక మందులతో పాటు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వృద్ధుల మతిని మందగింపజేస్తాయి. సంచిలో దొరకనిది మరొకటుంది: కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డైజిపామ్. అడిగితేనే బయటపడుతుంది. అలవాటుపడ్డవాళ్లకు ఒక్కసారిగా మాన్పిస్తే ఫిట్స్ రావచ్చు, మెల్లగా తగ్గించాలి.

తర్వాత రక్త పరీక్షలు: థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, విటమిన్ బీ12, సోడియం, షుగర్. ఎక్కువగా పొరబడేది బీ12 దగ్గరే. హిమోగ్లోబిన్ బాగుంది కదా అని వదిలేస్తారు, కానీ బీ12 లోపంతో రక్తహీనత లేకుండానే నరాలు దెబ్బతినొచ్చు. ఏళ్లుగా షుగర్ గోళీ మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 తగ్గవచ్చు. ఆ గోళీలు ఇచ్చేది బీపీ, షుగర్ లాంటి జబ్బులు చూసే మన ఎన్‌సీడీ క్లినిక్కే. బీ12 తగ్గినవాళ్లకు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం మెరుగుపడుతుంది, నరాల దెబ్బ లోపల సాగుతూనే ఉంటుంది. 1000 మైక్రోగ్రాముల బీ12 ఇంజెక్షన్ వారం పాటు రోజూ, నెల పాటు వారానికొకటి, ఆపై నెలకొకటి ఇవ్వడం ఒక పద్ధతి. ఆలస్యమైతే పోయిన మతి పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఈమధ్య పడ్డారా అని అడగాలి. బాత్రూంలో జారిన మూడు నాలుగు వారాలకు నడక తూలి, మతి తప్పితే పుర్రె లోపల రక్తం పేరుకొని ఉండొచ్చు. అప్పటికి ఆ దెబ్బ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. మామూలు సీటీ స్కాన్ చాలు. రెండు రోజుల్లోనే మనిషి తారుమారైతే మాత్రం మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నిమోనియా, సోడియంలో తేడా ఉన్నాయేమో అదే రోజు వెతకాలి.

బడికి పోని అవ్వను 100లోంచి 7 తీసేస్తూ పొమ్మంటే ఎవరి మతిని పరీక్షిస్తున్నట్టు? ఇంగ్లిష్ తేదీ కాదు, బతుకమ్మ అయిపోయిందా, రావాలా అని అడగాలి. చెవిలో గుబిలి చూడాలి. వినపడని మాట గుర్తుండదు.

ఇవన్నీ కాదని తేలినవాళ్లలో చాలామందికి అల్జీమర్స్ ఉంటుంది, దాన్ని వెనక్కి తిప్పలేం. కానీ ఆ మాట ఈ పరీక్షల తర్వాతే చెప్పాలి.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ ఈ వరుసతో ఒక పేజీ మార్గదర్శకం పంపండి. ‘అవును’ అన్న ప్రతి ఒక్కరికీ టీఎస్‌హెచ్, బీ12 ఉచితంగా చేయించండి. బీ12 ఇంజెక్షన్ ఏ నెలా నిండుకోకుండా చూడండి.

ఇట్లు,
వృద్ధుల మతిమరుపు వైద్యంలో పనిచేస్తున్న డాక్టర్లు, నర్సులు