హాలియా అన్నకు, కాంటా గుమాస్తాకు, మా ఆఫీసు చెల్లెకు కృతజ్ఞతలు

మిర్యాలగూడ, వేములపల్లి, త్రిపురారం దిక్కు మేం చూసుకునే రైస్ మిల్లుల కాంటా కంప్యూటర్లన్నీ ఈ వానాకాలం వడ్లు రాకముందే ఒక్క తీరుగ తయారైనయి. మిల్లు యజమానులు ఫోన్ చేసి "మంచిగ చేసినవ్ తమ్మీ" అంటున్నరు. ఆ మాట నేనొక్కన్నే దాసుకుంటే బాగుండదు, చేయించినోళ్లు వేరే ఉన్నరు. వాళ్ల సంగతి నలుగురికి తెల్వాలని ఈ పోస్టు. పేరు రాయొద్దని గట్టిగ చెప్పిన్రు కాబట్టి ఊరి పేరుతోటి, పని పేరుతోటే చెప్త.

తెల్వనోళ్ల కోసం జర ముందు సంగతి. సాగర్ ఎడమ కాలువ కింద సన్నాలు కోతకొచ్చినయంటే మిర్యాలగూడ రోడ్ల మీద ట్రాక్టర్లే ట్రాక్టర్లు. హార్వెస్టర్‌తోటి కోసిన పచ్చి వడ్లు ఆరబోసుడు లేకుండ సీదా మిల్లుకొస్తయి. గేటు దాటంగనే కాంటా. లోడుతోటి ఎక్కితే గ్రాస్, వడ్లు దించి ఖాళీ బండితోటి మళ్ల ఎక్కితే టేర్, రెండింటి తేడా చీటీ అయి రైతు చేతికొస్తది. ఆ కాంటా రూములో తూకం అంకె చూపెట్టే ఇండికేటర్ పక్కన ఒక చిన్న కంప్యూటర్, దాంట్లో ఉబుంటు (విండోస్ లాంటిదే, లినక్స్ రకం), దాని మీద మా చీటీ సాఫ్ట్‌వేర్. నలభైకి పైగ మిల్లుల్లో ఇట్లాంటి పెట్టెలున్నయి. చీటీ ఫార్మాట్ మార్చాలన్నా, రాత్రి బ్యాకప్ రాలేదన్నా, పెన్‌డ్రైవ్ జేబుల ఏసుకొని బండి మీద మిల్లు మిల్లుకు తిరుగుడే ఉండె.

ఈ తిరుగుడు తప్పించేటందుకే యాన్సిబుల్, ఒక్క చోట కూసొని చానా కంప్యూటర్లను సెట్ చేసే సాఫ్ట్‌వేర్. 2012లో మైకేల్ డిహాన్ మొదలుపెట్టిండు, 2015లో రెడ్ హ్యాట్ కొనుక్కుంది. అవతలి కంప్యూటర్‌లో దీని కోసమని వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కియ్య పనిలేదు. ఎస్‌ఎస్‌హెచ్‌తోటి (దూరంనుంచి కంప్యూటర్‌లోకి భద్రంగ పోయే దారి) లోపలికి పోనిస్తే, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంటే చాలు. మిషన్ల జాబితా ఇన్వెంటరీలో, ఒక్కో మిషన్ ఎట్లుండాలన్నది ప్లేబుక్‌లో రాసుకుంటం. అది పోయి చూసి లేనిది పెడ్తది, ఉన్నదాన్ని ముట్టదు.

ముట్టొద్దు, రూలు ప్రకారమైతే. మాకంటె ముందు ఈ పని చూసిన ఏజెన్సీ అప్పగించి పోయిన ప్లేబుక్‌లు నడిపితే సగం మిల్లులు 'అన్‌రీచబుల్' (అందుతలేదు) అని ఎర్రగ వచ్చేటియి. కొన్ని మిల్లులకాడ పైథాన్‌లో ఏదో తప్పని చూపిచ్చి ఆగేది. అందినకాడనేమో నడిపిన ప్రతిసారి కాంటా సర్వీసు రీస్టార్ట్ అయ్యేది. మూడు రోగాలు, మూడింటికీ మందు వేరు.

ఒక మిల్లు సేటు వాళ్ల చుట్టాలబ్బాయి నంబర్ ఇచ్చిండు. హాలియా మనిషి, హైదరాబాద్‌లో సర్వర్ల పని, రాత్రి డ్యూటీ. నేను ముక్కూ ముఖం తెల్వనోణ్ణి. అయినా ఫోన్ ఎత్తి మొత్తం విన్నడు. ఫైళ్లు పంపమంటడేమో అనుకున్న. "ఫైళ్లు పంపకు. గ్రూప్ వేరియబుల్స్ ఫైల్ తెరువు. పాస్‌వర్డులు ఉన్నది ఉన్నట్టు రాసి ఉన్నయా?" అని అడిగిండు. ఉన్నయి. మిల్లులన్నిటికీ కలిపి వాడే విలువల ఫైలది, దాంట్లో సర్వర్‌ది, డేటాబేస్‌ది, అన్నీ. "ముందు వాటిని వాల్ట్‌లో పెట్టు. తర్వాత నాకు చూపియ్యి. నేను మంచోన్నే కానీ నీకు తెల్వదు గదా" అన్నడు. యాన్సిబుల్ వాల్ట్ ఆ ఫైలును ఏఈఎస్ 256తోటి తాళమేస్తది, నడిపేటప్పుడు మాత్రం మనం తాళంచెవి చెప్పాలె. నాకు అన్న మీద నమ్మకం కుదిరింది ఆ మాటకే.

తర్వాత స్క్రీన్ షేర్ పెట్టినం. అన్‌రీచబుల్ అంటే నెట్ బాగలేదని నా లెక్క. మిల్లుల్లో సిమ్ము రౌటర్లు, వాటి మీద వైర్‌గార్డ్ టన్నెల్ (నెట్ మీదనే వేసుకున్న ప్రైవేటు దారి), సిగ్నల్ ఎప్పుడెట్లుంటదో ఎవనికెరుక. అన్న నెట్ జోలికే పోలె. "యాన్సిబుల్ వెర్షన్ కొట్టు" అన్నడు. నేను వెర్షన్ నంబర్ చదివి చెప్పిన. "నంబర్ కాదు, దాని కింది లైన్. కాన్ఫిగ్ ఫైల్ అని ఉంటది, దాని ముందట ఏముంది?" ఏం లేదు. 'నన్' అని ఉంది. నా ఫోల్డర్‌లో యాన్సిబుల్ డాట్ సీఎఫ్‌జీ ఫైలు కండ్ల ముందట ఉంది, కానీ అది దాన్ని చదువుతనే లేదు!

ఇది చానామందికి పనికొస్తది కాబట్టి వివరంగ రాస్తున్న. యాన్సిబుల్ తన సెట్టింగుల ఫైలు కోసం నాలుగు చోట్ల ఒక వరుసలో చూస్తది: ముందు యాన్సిబుల్ కాన్ఫిగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ఫైలు ఎక్కడుందో చెప్పే సిస్టం సెట్టింగు), తర్వాత మనమున్న ఫోల్డర్, తర్వాత హోమ్ ఫోల్డర్, ఆఖరుకు ఈటీసీ అనే సిస్టం ఫోల్డర్ కింద. ముందుగాల ఏది దొరికితే అదే, మిగతావి చూడదు, కలపదు. అయితే మనమున్న ఫోల్డర్‌లో ఎవరైనా రాయొచ్చు అన్నట్టు పర్మిషన్ ఉంటే, అక్కడి ఫైలును కావాలనే వదిలేస్తది. ఎవడో వచ్చి అక్కడ తన ఫైలు పెట్టి మన చేత వాడి కోడ్ నడిపించకుండ ఈ జాగ్రత్త. నాది విండోస్ ల్యాప్‌టాప్, దాంట్లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలనే లినక్స్ నడిపేది). ఫోల్డర్ ఉన్నది సీ డ్రైవ్‌లో. డబ్ల్యూఎస్‌ఎల్ లోపలినుంచి చూస్తే మామూలుగ సీ డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్లు 777గ (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు అన్నట్టు) కనిపిస్తయి. అందుకని ఫైలును పక్కకు పెట్టింది. చెప్పకుండ పెట్టలేదు, వార్నింగ్ ఇస్తనే ఉంది. ఏజెన్సీ వాళ్ల స్క్రిప్టు ఆ వార్నింగులు కనపడకుండ ఎక్కడికో మళ్లించి పెట్టింది, ఇన్వెంటరీ ఏదో కూడ స్క్రిప్టులోనే చెప్పింది, దాంతోటి బయటికి పని నడుస్తున్నట్టే ఉండె.

ఆ ఫైలులో కనెక్షన్ టైమౌట్ 40 సెకండ్లని రాసుంది. చదవకపోతే డిఫాల్ట్ 10. సిమ్ము మీద నడిచే మిల్లుకు పది సెకండ్లు ఏం సాలుతయి? ఫోర్క్స్ (ఒకేసారి ఎన్ని మిషన్ల మీద పని చెయ్యాలన్నది) 20 అని రాసుంది, డిఫాల్ట్ 5. అందుకే ఐదైదు మిల్లులే కదిలేటియి. ఫోల్డర్‌ను లినక్స్ హోమ్‌లోకి మార్చి మళ్ల వెర్షన్ కొడితే కాన్ఫిగ్ ఫైల్ ముందట దారి వచ్చింది. యాన్సిబుల్ కాన్ఫిగ్ డంప్ అనే కమాండ్‌కు మారినవే చూపించమని చెప్తే, ఏ సెట్టింగు ఏ ఫైలునుంచి వచ్చిందో బ్రాకెట్లో చూపిస్తది. అది కూడ నా చేతనే కొట్టించిండు. మళ్ల నడిపితే కరెంట్ లేని రెండు మూడు మిల్లులు తప్ప అన్నీ పలికినయి. కీబోర్డ్ కంట్రోల్ ఇస్తనన్నా అన్న తీసుకోలె. "నేను కొడితే నాకొస్తది" అన్నడు.

పైథాన్ గొడవ తొందరగనే తేలింది. పాత మిల్లుల్లో ఉబుంటు 18.04 ఉంది, దాంట్లో పైథాన్ 3.6. యాన్సిబుల్ కోర్ 2.17 నుంచి అవతలి మిషన్‌లో కనీసం 3.7 కావాలె. లేకపోతే 'యానొటేషన్స్' అనే మాటతోటి ఒక సింటాక్స్ ఎర్రర్ వస్తది, అది చదివితే అసలు రోగమేందో అర్థంగాదు. ఉబుంటు మార్చాల్సిందే, దాని మామూలు సపోర్టు 2023 మేలోనే అయిపోయింది. కానీ సీజన్ నెత్తి మీద పెట్టుకొని కాంటా కంప్యూటర్లకు ఆపరేషన్ చేస్తరా ఎవరన్నా? వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (వెర్షన్లు కలవకుండ విడిగ పెట్టుకునే చోటు) 3.6తోటి కూడ నడిచే పాత యాన్సిబుల్ కోర్ 2.16 పెట్టుకొని నడుపుతున్నం. యాసంగి లోపు అన్నీ మార్చాలె, అది నా నెత్తి మీదనే ఉంది.

ఇగ మా చెల్లె. డిగ్రీ అయిపోయి మా ఆఫీసులో కొత్తగ చేరింది, యాన్సిబుల్ ఎన్నడు చూడలె. ఒక మిల్లులో బ్యాకప్ పోతలేదంటే లోపలికి పోయి ఫైళ్ల జాబితాలో పర్మిషన్ అక్షరాలు చూసి, "అన్నా, ఈ ఫైలుకు చివర్ల టీ అని ఎందుకుంది?" అనడిగింది. నేను అట్లాంటి పర్మిషన్ ఎప్పుడు చూసినోన్ని కాదు. ఓనర్‌కు రాసే హక్కుంది, చదివే హక్కు లేదు. బయటోడు మాత్రం చదవొచ్చు! ప్లేబుక్‌లో మోడ్ (ఫైలు పర్మిషన్) కాడ 644 అని ముందల సున్నా లేకుండ, కోట్స్ లేకుండ రాసుంది. ప్లేబుక్ రాసే ఫార్మాట్ యామల్ దాన్ని మామూలు లెక్కల అంకె అనుకుంటది. ఆ 644ను ఆక్టల్‌కు (ఎనిమిది మీద నడిచే లెక్క, పర్మిషన్లు దాంట్లోనే రాస్తరు) మారిస్తే 1204 అయితది, ఆ వింత పర్మిషన్ అదే. కాగితం మీద భాగారం చేసి చెల్లెనే తేల్చింది. ఇప్పుడు అన్ని చోట్ల 0644 అని కోట్స్‌లో పెట్టినం. హాలియా అన్నకు చెప్తే, "ఆ పిల్లను వదులుకోకు" అన్నడు.

రీస్టార్ట్ రోగమే అసలు కథ. ఏజెన్సీ ప్లేబుక్‌లో అన్ని పనులు షెల్ మాడ్యూల్‌తోటే (మనం రాసిన కమాండ్‌ను ఉన్నదున్నట్టు నడిపేది) రాసున్నయి. షెల్‌తోటి చేస్తే లోపల ఏం జరిగిందో యాన్సిబుల్‌కు తెల్వదు, ప్రతిసారి 'చేంజ్డ్' (మారింది) అంటది. చేంజ్డ్ అంటే హ్యాండ్లర్ (ఏదన్న మారితేనే నడిచే పని) లేస్తది, హ్యాండ్లర్ లేస్తే సర్వీసు రీస్టార్ట్. ముందుగాల చెక్ మోడ్‌లో చూద్దామన్నా షెల్ పనులను అది దాటేసి పోతది, ఏం మారబోతదో చూపియ్యదు. వాటిని, ముందు చూసి తేడా ఉంటేనే మార్చే కాపీ, టెంప్లేట్, సర్వీస్ మాడ్యూళ్లలోకి మార్చుకుంట వచ్చినం. అన్న పెట్టిన పరీక్ష ఒక్కటే: రెండోసారి నడిపితే చేంజ్డ్ సున్నా రావాలె.

అయినా నిజంగ మార్పు ఉన్ననాడు రీస్టార్ట్ తప్పదు గదా. బండి కాంటా మీద ఉన్నప్పుడు అయితే తూకం పోతది, రైతు మళ్ల వెనకకు పోయి లైన్లో నిలబడాలె. రాత్రి పన్నెండుకు పెడ్దామా అని అన్ననడిగిన. "నన్నడుగుతవేంది, కాంటా కాడ కూసునేటాయన్ని అడుగు" అన్నడు.

వేములపల్లి దిక్కు ఒక మిల్లులో పెద్దమనిషి, గుమాస్తా, ఏండ్ల తరబడి అదే కుర్చీ. రాత్రి పన్నెండంటే నవ్విండు. "సీజన్ల రాత్రే ఎక్కువ బండ్లు బిడ్డా. మాపటికి కోస్తరు, ట్రాక్టర్లు రాత్రంత లైనుంటయి. టైము చూసుడు కాదు, కాంటా మీద బండి ఉన్నదా లేదా అది చూడు" అన్నడు. మా సాఫ్ట్‌వేర్ ఇండికేటర్ అంకెను ఎట్లాగు ఒక ఫైలులో రాస్తనే ఉంటది. అది సున్నా అయితే రీస్టార్ట్ చెయ్యమని రాస్తనంటే మళ్ల తల అడ్డంగ ఊపిండు. "వానపడ్డనాడు ప్లాట్‌ఫాం మీది బురదకే ఇరవై, ముప్పై కిలోలు చూపెడ్తది. మేం జీరో కొట్టుకుంటం. నువ్వు సున్నా కోసం కూసుంటే పొద్దంత కూసుంటవ్." ఎంతుంటే ఖాళీ అనుకోవాలె అంటే, "నూరు కిలోల లోపు. ఖాళీ ట్రక్కు కూడ టన్నులల్ల ఉంటది" అన్నడు.

ఆ నూరు ఇప్పుడు మా ప్లేబుక్‌లో ఉంది. ప్యాకేజీల డౌన్‌లోడ్ లాంటి లేటయ్యే పనులన్నీ ముందే అయిపోతయి. ఆ తర్వాత పదిహేను సెకండ్లకోసారి తూకం చూస్తది. నూరు లోపుంటేనే కొత్త సెట్టింగుల ఫైలు పెట్టి, హ్యాండ్లర్‌ను ప్లే ఆఖరు దాక ఆపకుండ అక్కడికక్కడే లేపుతది. ఎంతకీ ఖాళీ కాకపోతే ఎండ్ హోస్ట్ అని ఆ మిల్లును వదిలేసి పోతది, మళ్ల నడిపినప్పుడు చూస్తది. ఫైలు పెట్టినంక ఆగొద్దని అన్న గట్టిగ చెప్పిండు. ఫైలు మారి, రీస్టార్ట్ కాకుండ మధ్యల తెగిపోతే, మళ్ల నడిపినప్పుడు ఫైలు సరిగ్గనే ఉంది గదా అని చేంజ్డ్ రాదు, హ్యాండ్లర్ లేవదు, పాత సెట్టింగులతోటే సర్వీసు నడుస్త ఉంటది. సీరియల్ ఐదు పెట్టినం, అంటే ఐదైదు మిల్లులే తీసుకుంటది, ఆ ఐదూ ఫెయిలైతే అక్కడనే ఆగుతది.

హాలియా అన్నా, రాత్రి డ్యూటీ చేసి పండుకునే టైముల నా ఫోన్లు ఎత్తినవ్. పైసల సంగతి తీస్తే కోపానికొచ్చినవ్. ఇంటికి సన్నబియ్యం బస్తా పంపిన, వాపస్ చెయ్యకు. గుమాస్తా పెద్దయ్యా, మీ నూరు కిలోల లెక్క ఇప్పుడు అన్ని మిల్లుల్లో నడుస్తంది. చెల్లె, నీ జీతం సంగతి మనం కూసొని మాట్లాడుకుందాం. ఫోన్‌లో లైన్ దొరకని మిల్లులల్ల రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేసిన హమాలీ అన్నలకు కూడ దండాలు.

నల్లగొండ, సూర్యాపేట దిక్కు కాంటా సాఫ్ట్‌వేర్, పెట్రోల్ బంకు బిల్లింగు, ఏదైనా ఇట్లా చానా చోట్ల కంప్యూటర్లు చూసుకునేటోళ్లు ఉంటే, పాస్‌వర్డులు, మిల్లుల పేర్లు తీసేసిన ప్లేబుక్ ఇస్త, మెసేజ్ పెట్టున్రి. అన్న నంబర్ మాత్రం అడగకున్రి, ఇయ్య.