ఫ్యాక్టర్ ఇచ్చేచోటే హెపటైటిస్-సి పరీక్ష
రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు హిమోఫీలియా. ఆ రోగులకు ఫ్యాక్టర్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్) ఇంజెక్షన్ ఇచ్చే మా జిల్లా ఆసుపత్రిలో కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-సి వైరస్ సంగతి అడిగే నాథుడు లేడు. చిన్నప్పుడు రక్తం కారినప్పుడల్లా మా తమ్ముడికి దాతల రక్తం నుంచి తీసిన ప్లాస్మా, క్రయో (ప్లాస్మాలోంచి తీసే, గడ్డకట్టించే ప్రొటీన్లున్న భాగం) ఎక్కించేవారు. వైరస్ ఆ దారినే వచ్చి ఉంటుందని తెలిసింది నలభయ్యో ఏట, అదీ కామెర్లు ముదిరాక. సోఫోస్‌బువిర్, డక్లాటాస్విర్ మాత్రలు 12 వారాలు వాడితే దాదాపు అందరికీ నయమవుతుంది; 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఇవి ఉచితం కూడా. కాలేయం ఎంత దెబ్బతిందో చూడటానికి సూదితో ముక్క తీసే బయాప్సీ అంటే, రక్తం ఆగని హిమోఫీలియా రోగులకు భయమే, నిజమే. కాలేయం ఎంత గట్టిపడిందో పైనుంచే కొలిచే ఫైబ్రోస్కాన్‌కు సూదే అక్కర్లేదు కదా! పాత రోజుల్లో రక్తం, ప్లాస్మా ఎక్కించుకున్న ప్రతి ఒక్కరికీ ఫ్యాక్టర్ ఇచ్చేచోటే యాంటీబాడీ పరీక్ష, పాజిటివ్ వస్తే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష) చేసి, మాత్రలూ అక్కడే ఇవ్వాలి. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడటం) దాకా వెళ్లినవారికి వైరస్ పోయినా కాలేయ క్యాన్సర్ ముప్పు పోదు కాబట్టి ఆర్నెల్లకోసారి స్కానింగ్ కొనసాగించాలి.