డాల్డా డబ్బాలో మన జీ.ఐ. జోలు

ఒరేయ్ శీనూ,

అమ్మ అటక దులిపిస్తుంటే పాత డాల్డా డబ్బా ఒకటి కిందికి దిగింది. మూత తీస్తే ఏముందనుకున్నావ్? మన జీ.ఐ. జోలు, ఆ అమెరికా సైనికుల బొమ్మలు! మొత్తం 11. స్నేక్ ఐస్ కూడా ఉన్నాడురా, ఏడో క్లాసు సెలవుల్లో మీరు ఊరొదిలి వెళ్తుంటే నువ్వు నా చేతిలో పెట్టినవాడే. నడుం దగ్గర రెండు ముక్కలై పడున్నాడు. గుండె గుభేలుమంది. తీరా చూస్తే, కాళ్లనీ మొండేన్నీ కలిపి పట్టుకునే నల్ల రబ్బరు రింగు పెళుసెక్కి తెగిపోయింది, అంతే. వీపు స్క్రూ విప్పి, కుళాయి సామాన్ల షాపులో కొన్న రింగు వేశాను. మళ్లీ నిలబడ్డాడు!

ఇవి ఇప్పుడు ఎంత చేస్తాయో అని రెండు రాత్రులు కూర్చుని వెతికాను. బొమ్మ మీద ఉన్న సంవత్సరం చూసి మొదట పొరబడ్డాను. అది బొమ్మని పోసే అచ్చు నాటి ఏడాదట, బొమ్మది కాదు. మనవి ఫన్‌స్కూల్‌వి కదా, టైర్ల కంపెనీ ఎమ్మారెఫ్, అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కలిసి 1987లో పెట్టిన కంపెనీ. అక్కడ ఆపేసిన అచ్చులతో కూడా ఇక్కడ బొమ్మలు పోశారు, కొన్నింటికి రంగులు మార్చేశారు. అమెరికాలో రాని ఆ రంగుల కోసమే అక్కడివాళ్లు మన దేశం బొమ్మల్ని వెతుక్కుంటున్నారు. బెసెంట్ రోడ్డులో మనం నాన్నల చొక్కాలు పట్టుకుని ఏడ్చి కొనిపించుకున్నవాటిని! ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఒక్కటి మాత్రం బాగా తెలిసొచ్చింది. అమ్మేవాడు చెప్పే రేటు కాదు, నిజంగా అమ్ముడుపోయిన రేటు చూడాలి. రెంటికీ చాలా తేడా ఉంది. విప్పని ప్యాకెట్‌ది వేరే లెక్క. విడి బొమ్మకైతే బొటనవేలు, రంగు, కీళ్ల బిగువు, దాని తుపాకీ, దాని బ్యాగు చూస్తారు. మనం తుపాకులు బలవంతంగా గుచ్చిన పాపానికి ఏడుగురికి బొటనవేళ్లు లేవు. స్నేక్ ఐస్ చేతులు మాత్రం చెక్కుచెదరలేదు, అతన్ని నువ్వు ఎవరి చేతికీ ఇచ్చేవాడివి కాదుగా.

ఇప్పుడు నీతో పనేంటంటే, ప్యాకెట్ అట్ట వెనక ఆ సైనికుడి వివరాలుండే ముక్క కత్తిరించి లెక్కల నోట్సులో దాచేవాడివి, గుర్తుందా? అవి ఉంటే బొమ్మకి విలువ పెరుగుతుందట. అమ్మడానికి కాదురా, స్నేక్ ఐస్‌ని నేను అమ్మను. అతని కార్డు అతని పక్కన ఉండాలని నాకు ఆశగా ఉంది. అత్తయ్యని అడిగి మీ పాత పుస్తకాల పెట్టె తీయించు. దొరికితే వెంటనే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా, నీ స్నేక్ ఐస్‌ని నీకిచ్చేస్తాను.

నీ,
రవి