శ్రీశైలం దారి కుక్కలకు డిస్టెంపర్ సూది కూడా వేయించండి

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉండేది దోర్నాలలో. రాస్తున్నది నల్లమల పులుల గురించే అయినా, మొదలుపెట్టాల్సింది ఒక కుక్కపిల్లతో.

మొన్న చలికాలం ఘాట్ రోడ్డు పక్కన టీకొట్టు దగ్గర కనిపించింది. కళ్లు పుసులు కట్టి అతుక్కుపోయాయి. ముక్కు కారుతోంది. నోట్లో ఏమీ లేకపోయినా నములుతున్నట్టు దవడ ఆడుతోంది, పడుకున్నా ఒక కాలు అదేపనిగా ఎగిరెగిరి పడుతోంది. కొట్టాయన పిచ్చికుక్కేమో అన్నాడు. నాకైతే కుక్కలకు వైరస్ వల్ల వచ్చే డిస్టెంపర్ అనే అంటుజబ్బే అనిపించింది, అలాంటివి చాలా చూశాను. మూడో రోజు వెళ్లేసరికి అక్కడ లేదు. చచ్చిందో, చిరుత ఎత్తుకెళ్లిందో. చిరుతే అయితే, ఈ జబ్బు దానికీ అంటితే ఎలా అన్నదే నా టెన్షన్.

ఈ వైరస్ మనకొచ్చే తట్టుకూ, ఒకప్పటి పశువుల ముసర వ్యాధికీ దగ్గరి చుట్టం. తుమ్ములో, చీమిడిలో, చొంగలో పాకుతుంది. ఎండకు బయట ఎంతోసేపు బతకదు కాబట్టి ఎప్పటికప్పుడు కొత్త ఒళ్లు కావాలి. పదుల సంఖ్యలో, దూరదూరంగా తిరిగే పులుల్లో అయితే దానంతటదే ఆరిపోతుంది. అడవి అంచు ఊళ్లలో ఏటా ఈనే కుక్కల వల్లే దానికి మేత తరగదు. శివరాత్రికీ ఉగాదికీ జనం వదిలే విస్తళ్లు ఆ కుక్కల్ని అడవి లోపలికి తీసుకెళ్తాయి. అక్కడ రేచుకుక్కలున్నాయి, నక్కలున్నాయి, కుక్కను ఇష్టంగా తినే చిరుతలున్నాయి.

2018లో గుజరాత్ గిర్ అడవిలో, దల్ఖానియా రేంజిలో, మూడు వారాల్లో 23 సింహాలు పోయాయి. ముందు కొట్లాడుకుని చచ్చాయన్నారు. పరీక్షల్లో డిస్టెంపర్, దాంతోపాటు గోమార్ల వల్ల వచ్చే బబీసియా అనే జబ్బు బయటపడ్డాయి. అప్పుడు అమెరికా నుంచి హడావుడిగా వ్యాక్సిన్ తెప్పించారు. అంతకుముందు 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీలో మూడో వంతు సింహాలు, వెయ్యి దాకా, ఇలాగే పోయాయి. సింహాలు ఒకే వేట చుట్టూ మూతులు ఆనించి తింటాయి, అందుకే అంత వేగం. పులి ఒంటరిది, కాస్త నయం. అలాగని ధీమా పనికిరాదు. 2003లో రష్యాలో ఇదే జబ్బుతో భయం మరిచిపోయిన ఆడపులి ఒకటి నేరుగా ఊళ్లోకి నడిచొచ్చింది.

ఒక మాట దాచను. ఆ రష్యా అడవుల్లో ఆరా తీస్తే వైరస్‌ను మోస్తున్నవి ప్రధానంగా అడవి జంతువులేనని, కుక్కలకు సూదులేస్తే చాలదని తేలింది. మన దగ్గర ఎలా ఉందో చూడాలంటే ముందు కుక్కల రక్తం తీయాలి. రాజస్థాన్‌లోని పులుల అడవి రణథంబోర్ చుట్టుపక్కల తీస్తే ఎక్కువ కుక్కల్లో ఈ వైరస్ సోకిన ఆనవాళ్లు దొరికాయి. పరీక్షకు ఎక్కడికో పోనక్కర్లేదు. 2021లో హైదరాబాద్ జూలో 8 సింహాలకు కొవిడ్ ఉందని తేల్చింది అక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీయే.

ఇప్పుడు ఊరకుక్కల్ని పట్టుకుని ఆపరేషన్ చేసి, రేబిస్ సూది వేసి వదిలేస్తున్నారు. రూల్సులో ముఖ్యంగా ఉన్నది అదే. కుక్క చేతిలో ఉన్నప్పుడే డిస్టెంపర్ సూది కూడా వేసి, రెండు చుక్కల రక్తం తీయిస్తే అదనంగా పట్టేది రెండు నిమిషాలు. దోర్నాల, సున్నిపెంట, శ్రీశైలంతో మొదలుపెట్టండి. కృష్ణకు అవతల తెలంగాణలోని అమ్రాబాద్ పులుల అడవి వాళ్లతో కలిసి చేస్తే ఇంకా మేలు. కుక్కపిల్లలకు సూది మళ్లీ వేయాలి కాబట్టి ఒక్కసారి క్యాంపు పెట్టి ఫొటోలు దిగితే సరిపోదు.

కుక్కను కరవకుండా పట్టుకోవడం నాకింకా చేతనవును. కబురు చేస్తే వస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ కాంపౌండరు, దోర్నాల