దవడ గడ్డకు పేరు తెలిసేవరకు

మలక్‌పేట, హైదరాబాద్

చిరంజీవి శ్రవణ్‌కు అమ్మ ఆశీర్వదించి రాయునది.

నాన్నా, కింది దవడకు కుడివైపున నొప్పి లేని గట్టి ఉబ్బు చేతికి తగులుతోందని, అక్కడి పంటి డాక్టరు రెండు దవడలూ ఒకే ఫిల్ములో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే ఒక్కటే చూసి వచ్చేవారమే ఆపరేషన్ చేద్దామన్నారని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసు నిలకడగా లేదు. ఫోనులో చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. ఆపరేషన్ వద్దని నేను అనడం లేదు. గడ్డకు సరైన పేరు తెలియకముందే కత్తి పెట్టనివ్వకు అంటున్నాను.

1993లో, నాకు 22 ఏళ్లప్పుడు, ఎడమవైపు పై దవడ ఎముక ఉబ్బి బుగ్గ ఎత్తుగా కనిపించేది. ఒక ఆసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు గాని దానితోపాటు ఎక్స్‌రే పంపలేదు. ఎముకా పీచు కణజాలమూ కలిసిన, క్యాన్సర్ కాని కణితి అని మాత్రమే రిపోర్టు వచ్చింది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఆ వైపు దవడ ఎముక తీసేయాలన్నారు. మీ తాతయ్య ఒప్పుకోక, స్లైడ్లూ ఎక్స్‌రేలూ సంచిలో పెట్టుకుని నన్ను తీసిన ముక్కలను పరీక్షించి జబ్బు తేల్చే ఒక పెద్ద పాథాలజిస్టు దగ్గరికి తీసుకువెళ్లారు. ఆయన మైక్రోస్కోపు జోలికి పోకుండా ముందు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. ఆ ఎముక స్నానాలగది కిటికీకి వేసే మసక గాజులా ఉంది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పలేనంతగా చుట్టూ ఉన్న ఎముకలో కలిసిపోయింది. అది ఫైబ్రస్ డిస్‌ప్లేసియా, అంటే మామూలు ఎముక ఉండవలసిన చోట పీచు కణజాలం కలిసిన ఎముక పెరిగే జబ్బు. దాన్నే పోలిన ఆసిఫైయింగ్ ఫైబ్రోమా అనే ఎముక కణితి అయితే అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది, తీస్తే చుట్టుపక్కల ఎముక నుంచి విడివడి వస్తుంది. మైక్రోస్కోపు కింద మాత్రం రెండూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. నాది ఎదుగుదల ఆగాక సాధారణంగా తానే నిలిచిపోయే రకం కనుక కనిపెట్టి చూస్తే చాలన్నారు. చిన్నప్పుడు నువ్వు వేలుతో నొక్కి ఆడుకున్న బుగ్గ అదే.

నా జబ్బే నీకు వచ్చిందేమోనని నువ్వు అడిగిన మాట నన్ను బాగా కలచివేసింది. ఫైబ్రస్ డిస్‌ప్లేసియా తల్లి నుంచి బిడ్డకు వచ్చేది కాదు. కడుపులో పిండం పెరిగేటప్పుడు ఏదో ఒక కణంలో జీఎన్ఏఎస్ అనే జన్యువు మారడం వల్ల వస్తుంది. దవడల్లో ఆస్టియోమాలు, అంటే గట్టి ఎముక బుడిపెలు, ఒకటికి మించి ఉంటే మాత్రం వంశపారంపర్యమైన గార్డ్‌నర్ సిండ్రోమ్‌ను అనుమానించి పెద్దపేగులో పాలిప్స్, అంటే లోపలి పొర మీద లేచే చిన్న కండ బుడిపెలు, ఉన్నాయేమో చూడాలి, ఎందుకంటే ఆ పాలిప్స్ క్యాన్సర్‌గా మారతాయి.

పళ్లు ఏర్పడే కణజాలం నుంచి దవడలో పుట్టే అమెలోబ్లాస్టోమా అనే కణితి సంగతి వేరు. క్యాన్సర్ కాకపోయినా ఎముకను తొలుచుకుంటూ పోతుంది, పైపైన గీకి వదిలేస్తే చాలాసార్లు తిరిగి వస్తుంది కనుక కొంత మంచి ఎముకతో సహా తీయవలసి వస్తుంది. అందువల్ల నీది అదే అని తేలితే ఆలస్యం చేయమని నేనే చెబుతానని అనుకోకు, వెంటనే చేయించుకుందాం.

ముందు సీటీ స్కాన్ చేయించమని అడుగు. ముక్క తీసే ముందు సూదితో లాగి చూస్తారా అని కూడా అడుగు, ఎందుకంటే లోపల ఉన్నది రక్తనాళాల ముద్ద అయితే కోయగానే ప్రమాదకరంగా రక్తం పోతుంది. ముక్కతోపాటు ఎక్స్‌రే, స్కాన్ తప్పక పంపాలి. రిపోర్టులో జెయింట్ సెల్స్, అంటే మామూలు కన్నా చాలా పెద్ద కణాలు, అని వస్తే రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ చూపించాలి. మెడలో ఉండే ఆ పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినప్పుడు వచ్చే ఎముక గడ్డ కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది, అప్పుడు వైద్యం చేయవలసింది ముందు ఆ గ్రంథికి.

శుక్రవారం రాత్రి బస్సుకు బయలుదేరి రా, ఎక్స్‌రే సీడీ మరచిపోకు. సోమవారం పొద్దున్నే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలకు వెళదాం. నా పాత ఫిల్ములు బీరువాలోంచి తీసి పెట్టాను.

నీ అమ్మ