మంటల్లో కాలిపోతున్న ఇరాక్ సంపద

ఆంక్షలు తొలగి రెండు దశాబ్దాలు దాటినా ఇరాక్ ఆర్థిక వ్యవస్థ చమురు ఒక్కదాని మీదే ఆధారపడి ఉండటం ఆ దేశ పునర్నిర్మాణానికి అసలు అడ్డంకి. కువైట్ ఆక్రమణ తర్వాత 1990 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి విధించిన వాణిజ్య ఆంక్షలు 2003 మే నెలలో తొలగినా, ఆ ఆక్రమణ వల్ల నష్టపోయినవారికి చెల్లించాల్సిన 5,240 కోట్ల డాలర్ల పరిహారం తీరడానికి 2022 దాకా పట్టింది. ఈలోగా 2014లో మోసుల్ నగరం ఐసిస్ ఉగ్రవాదుల చేతికి చిక్కి, మరో మూడేళ్లు యుద్ధానికే పోయాయి. బస్రా ప్రాంతంలో నాలుగేళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన నేను కళ్లారా చూసింది మాత్రం ఇంకో సంగతి: చమురుతో పాటు పైకి వచ్చే గ్యాస్‌ను పట్టి ఉంచే ఏర్పాటు చాలక రాత్రంతా తగలబెడుతుంటే, ఆ మంటల వెలుగు కనిపించే ఇళ్లలోనే కరెంటు లేక, ప్రైవేటు జనరేటరు యజమానికి నెలనెలా ఆంపియర్ల లెక్కన డబ్బు కట్టేవారు. సొంత గ్యాస్‌ను గాలికి వదిలి విద్యుత్ కేంద్రాలకు ఇరాన్ గ్యాస్ కొనడం వల్ల, తన మీద ఆంక్షలు పోయినా పొరుగు దేశంపై అమెరికా పెట్టిన ఆంక్షల బాధ ఇరాక్‌కు తప్పడం లేదు. చమురు ధర బాగున్న ఏళ్లలో వచ్చే మిగులును కొత్త సర్కారు కొలువులకు కాక, గ్యాస్ సేకరణకూ విద్యుత్ లైన్ల మరమ్మతుకూ చట్టబద్ధంగా కేటాయించాలి. ఇరాక్ చమురును భారీగా కొంటున్న మన దేశం కూడా ఆ పనుల్లో మన సంస్థలకు, చట్టబద్ధమైన వీసాలపై వెళ్లే మన కార్మికులకు చోటు అడగాలి.

— ఒక పాఠకుడు, జగిత్యాల